రెండో గొంతు

పోయిన వారం నా పాత మైకు అమ్మకానికి పెట్టాను. పాటల మైకు కాదు, యంత్రాల చప్పుడు కొలిచే మైకు. బాన్ నుంచి ఒకాయన రాశాడు: "దీంతో ఇప్పటివరకు ఏమేం కొలిచారు?" జర్మన్లు ఇలాంటివి అడుగుతారు. సరైన జవాబు రాకపోతే కొనరు. వరుసగా టైపు చేశాను: ఒక గేర్‌బాక్సు, రెండు పంపులు, ఒక గాలిమర బేరింగు. ఆ తర్వాత వేలు ఆగింది. ఇంకొకటి ఉంది. ఒక ఆల్బమ్. అది కొలతల్లోకి వస్తుందో రాదో తేల్చుకోలేక, ఉన్నంతవరకు ఆయనకు పంపేసి, కొలోన్‌లో నా గది కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు అక్క గురించే ఆలోచించాను.

నాకు తోడబుట్టినామె కాదు. వాల్డార్ఫ్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుర్రాళ్లందరికీ ఆమె అక్కే. ఊరు ఇల్లందు. పని సాఫ్ట్‌వేర్. నేను క్లాస్తాల్‌లో ఎమ్మెస్ ముగించి, వాల్డార్ఫ్‌లో ఉద్యోగంలో చేరి, చేరిన మర్నాడే "ఆఫీసుకు రావద్దు, ఇంటి నుంచే చేయండి" అనిపించుకున్న బాపతు. అది కరోనా మొదటి ఏడాది. మనుషులు కనపడక, ఫోన్‌లో తెలుగువాళ్ల గ్రూపే ఊరనుకుని బతుకుతున్న రోజుల్లో అందులో ఆమె సందేశం చూశాను: "ఎవరి దగ్గరన్న మంచి మైకు ఉన్నదా? కొన్ని నెలలకు కావాలె."

ఒకరు వినాయక చవితికి కొన్న స్పీకర్ల సెట్టు ఇస్తామన్నారు. ఇంకొకరు పిల్లల కరోకే మైకు ఫోటో పెట్టారు. నేను నా మైకు వివరాలన్నీ రాసి పంపించాను. వెంటనే ఫోన్ మోగింది.

"అన్ని శబ్దాలూ సమంగ పడతది అని రాసినవు. సమంగ అంటే?"

"అంటే దేన్నీ అందంగా చేయదండి. ఉన్నది ఉన్నట్టు పడుతుంది."

"అదే కావాలె. పట్టుకొని రా."

"అలాగేనండీ."

"ఏ ఊరు నీది?"

"కాకినాడండి."

"అనుకున్న. ఇంకోసారి అండీ అన్నవనుకో, మైకు ఉంచుకొని నిన్ను పంపిస్త. నాకు వయసు పెరుగుతది."

అలా మొదలయింది. రెండో అంతస్తులో ఆమె ఇల్లు. తలుపు తీయగానే వంటగది, అందులో బట్టలారేసే స్టాండు, ఆ తడిబట్టల కింద గోడకు ఆనించి గిటారు. హీటర్ల వేడికి గది గాలి ఎండిపోయి గిటారు చెక్క చీలుతుందట. అందుకని చలికాలమంతా ఉతికిన బట్టల పక్కనే దాని కాపురం. ఆమె గిటారు తీస్తే సబ్బు వాసన వచ్చేది.

అమెరికానా అనే సంగీతం ఒకటుందని నాకు ఆమె చెప్పేదాకా తెలియదు. పల్లెటూరి పాట, చర్చి పాట, రైళ్ల మీదా గనుల మీదా కట్టుకున్న కూలివాళ్ల పాట, అన్నీ కలిసి ఒక గిటారు, ఒక ఫిడేలు చుట్టూ చేరితే అదట. ఇల్లందు పిల్లకు ఇది ఎక్కడ అంటిందంటే, అదే భవనం నేల అంతస్తులో. అక్కడ ఒక జర్మన్ పెద్దావిడ ఒంటరిగా ఉండేది. బామ్మను వాళ్లు ఓమా అంటారు కాబట్టి అక్క ఆమెను ఓమా అనేది, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. ఒకప్పుడు హైడెల్‌బెర్గ్, మన్‌హైమ్ చుట్టూ అమెరికా సైనికుల బారకాసులు ఉండేవి. ఓమా వయసులో ఉన్నప్పుడు వాళ్ల క్లబ్బులో శనివారాలు పాడేది. ఆమె ఇంగ్లీషు అంతా ఆ సైనికుల నోటి నుంచి పట్టిందే. జర్మన్ మాట్లాడితే పక్కింటి బామ్మ, ఇంగ్లీషు మాట్లాడితే అలబామా లారీ డ్రైవరు. ఆ యాసే అక్కకూ వచ్చింది.

కరోనాకు ముందు ప్రతి శుక్రవారం ఇద్దరూ పాడుకునేవారట. ఓమా వంటింట్లో దీపం తీగకు ఒక గరిటె వేలాడదీసి, దాన్ని మైకు అనుకోమని, అటొకరు ఇటొకరు నిలబడేవారు. క్లబ్బులో ఒక్కటే మైకు ఉండేదట. ఇద్దరు ఒక మైకు ముందు పాడితే ఎవరు ముందుకు జరగాలో, ఎవరు వెనక్కి తగ్గాలో వాళ్లే చూసుకోవాలి. "గరిటె ముందల నిలబడి నేర్చుకున్న సంగీతం రా నాది" అనేది అక్క.

ఆ మొదటి రోజే నేను ఒక అనుమానం అడిగాను. పాట ఒకటే కదా, రెండో గొంతు ఎందుకు?

"మన భజనల అందరు ఒకటే బాటల నడుస్తరు. ఇది అట్ల కాదు. ఇద్దరు పక్కపక్క బాటల్ల పోతుంటరు. కలవరు, ఇడిపోరు. ఒకళ్ల నడక ఒకళ్లకు తెలుస్తుంటది, అంతే."

పాటలన్నీ ఆమె ఇంగ్లీషులో సొంతంగా కట్టినవే. కట్టే పద్ధతి మాత్రం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. కొత్త పాట వచ్చిందంటే ముందు ఉప్మా చేసేది. నీళ్లలో రవ్వ పోయడం మొదలుపెట్టినప్పుడు పాట ఎత్తుకోవాలి, అడుగంటకుండా కలుపుతూ, మూత పెట్టేలోగా పాట అయిపోవాలి. ఉప్మా ఉండ కట్టిందంటే పాటలో మాటలు ఎక్కువయ్యాయని అర్థం. కూర్చుని చరణం కొట్టేసేది. ఆ శీతాకాలం నేను తిన్నంత ఉప్మా నా జీవితంలో ఎప్పుడూ తినలేదు. ఉండ కట్టిన ఉప్మాలు, అంటే పొడుగు పాటలు, నా వాటా.

ఇంకో అలవాటు. ఆమె ఫోన్‌లో వాతావరణం చూసే చోట మూడు ఊళ్లుండేవి. వాల్డార్ఫ్, ఇల్లందు, మూడోది అమెరికాలోని టెనెసీలో ఒక చిన్న ఊరు. అక్కడ ఆమెకు తెలిసిన వాళ్లెవరూ లేరు. మ్యాపులో నది ఒంపు బాగుందని పెట్టుకుందట. పొద్దున్నే పళ్లు తోముకుంటూ అది చూసేది. నేను వెళ్లేసరికి, "ఇయ్యాల ఆడ వాన" అనేది, మన వాళ్లు తడుస్తున్నారన్నట్టు. ఆఫీసు వాళ్లు ఒకసారి అమెరికా పంపిస్తామంటే వద్దందని విన్నాను. అడిగితే నవ్వింది.

"చూసినంక ఏం పాడాలె? పార్కింగు దొరకలేదని పాడాల్నా?"

ఆ దీపావళికి తెలుగువాళ్లంతా వీడియోలో కలిశారు. అక్క గిటారు పట్టుకుని ఒక పాట పాడింది. అయిపోగానే ఒక పెద్దాయన, "చాలా బావుందమ్మా, కానీ తెలుగులో పాడొచ్చు కదా! మనది మనం మర్చిపోతే ఎలా?" అన్నారు.

"అంకుల్, తెలుగుది మీరు పాడండి. నేను చప్పట్లు కొడత."

ఆయన పాడలేదు. తర్వాతి శనివారం నేను కూడా అటూ ఇటూ తిప్పి అదే మాట అన్నాను. చిన్నప్పుడు బొగ్గు వ్యాగన్ల చప్పుడు వింటూ నిద్రపోయానని ఆమే చెప్పింది కదా, ఆ పాట కట్టొచ్చు కదా అని. ఆమె గిటారు తీగ బిగించింది.

"నువ్వు గూడ అంకులే అయితివి. ఇల్లందు మీద నాకు బెంగ లేదు తమ్మీ. టికెట్ కొంటే పోయి చూస్త, ఉన్నది అది. నాకు బెంగ ఉన్నది లేని ఊరి మీద. దానికి టికెట్ దొరకది. పాటనే దొరుకుతది."

నేను చదువుకున్న ఏ సమీకరణంలోనూ లేని దిశ అది. మనిషి బెంగ వెనక్కి చూస్తుందని నాకు తెలుసు. ముందుకు కాకుండా, వెనక్కి కాకుండా పక్కకు చూసే బెంగను మొదటిసారి ఆ వంటింట్లో, తడి బట్టల కింద విన్నాను.

ఆల్బమ్ పని ఆ ఏటి నిబంధనల ప్రకారమే సాగింది. ఇంటికి బయటివాళ్లు ఒక్కరే రావాలి. అంటే ఫిడేలు వాయించే పంటి డాక్టరు వచ్చే శనివారం నేను వెళ్లకూడదు. బాసు వాయించే అతను వస్తే డాక్టరు రాకూడదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి వరకు భవనంలో నిశ్శబ్దం పాటించాలి, ఆదివారం రోజంతా. కాబట్టి ముందు వారమే నేను వెళ్లి నేల మీద మూడు రంగుల టేపు అంటించేవాణ్ని. ఎర్ర గీత మీద మైకు, పచ్చ గీత మీద కుర్చీ, నీలం గీత దగ్గర మనిషి కాలి బొటనవేలు. వాళ్లు వచ్చినప్పుడు ఫోన్‌లో, "కాలు నీలం మీద ఉందా?" అని అడిగేవాణ్ని. ఆ ఆల్బమ్‌లో వాయించినవాళ్లు ఒకరినొకరు ఈనాటికీ చూసుకోలేదు. ఒకరు వాయించినది చెవిలో పెట్టుకుని ఇంకొకరు వాయించారు. ఫిబ్రవరికల్లా అన్ని పాటలూ అయిపోయాయి, ఒక్కటి తప్ప.

అది ఆఖరి పాట, ఆల్బమ్ పేరు కూడా దానిదే. ఆ నది ఒంపు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు రెండు ఒడ్డుల మీద నిలబడి పడవ కోసం చూస్తుంటారు. పడవ వచ్చిందో లేదో పాట చెప్పదు. అక్క కట్టిన వాటిలో ఉప్మా ఒక్కసారి కూడా ఉండ కట్టని పాట అదొక్కటే. దానికి ఓమా రెండో గొంతు కావాలి, ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడి పాడాలి, అప్పటిదాకా ఆల్బమ్ బయటికి రాదు. అక్క పట్టు అది.

ఓమాకు ఊపిరితిత్తుల జబ్బు. కూతురు హాంబుర్గ్ నుంచి రోజూ ఫోన్ చేసి తలుపు తీయొద్దని చెప్పేది. అక్క సరుకులు తెచ్చి గుమ్మం ముందు పెట్టి, రెండు మెట్లెక్కి నిలబడి, "ఓమా!" అని కేకేసేది. తలుపు జానెడు తెరుచుకునేది. వాళ్ల సంగీతం ఆ జానెడుకు వచ్చింది.

నేను మార్గాలు ఆలోచించాను. వేరు గదులు, వేరు హెడ్‌ఫోన్లు, మెట్ల మీదుగా పొడుగు కేబులు. మార్చి నెలలో ఒక శనివారం అక్క అయిష్టంగానే ఒప్పుకుంది. మైకును మందుతో తుడిచి ఓమా గుమ్మంలో పెట్టి, అక్క ముందే పాడిపెట్టిన పాటను పై నుంచి ఆమె చెవుల్లోకి పంపించాను. ఓమా పాడింది. ఆ వయసులో ఆ గొంతు! కొంచెం పొగరుగా, కొంచెం తడిగా, అక్క గొంతు పక్కనే గీత గీసినట్టు నడిచింది. స్వరం తప్పలేదు, తాళం తప్పలేదు. రెండూ కలిపి ఆ సాయంత్రమే వినిపించాను.

అక్క కళ్లు మూసుకుని చివరిదాకా వింది.

"మంచిగున్నది."

"అయితే అయిపోయినట్టే కదా అక్కా?"

"లేదు."

"ఏం తప్పుంది ఇందులో?"

"తప్పేం లేదు. ఆమె నన్ను ఇని పాడింది. నేను ఆమెను ఇనకుండ పాడిన. ఇద్దరు ఇనుకోవాలె కద రా. పక్షంరోజులో, ఆరు నెలలో, ఆగుదాం. టీకాలు వస్తున్నయి కద."

సంకేతం ఒకే దిశలో పోయిందన్న మాట. ఇంజనీరుగా దాన్ని నేను కాదనలేకపోయాను. కానీ మంచి రికార్డింగు చేతిలో ఉండగా ఆగడమెందుకో నా బుర్రకు ఎక్కలేదు.

వయసు వరుసలో ఓమాకు టీకా ముందే అందింది. మా వరుస రావడానికి జూన్ అయింది. "టెర్మిన్ దొరికిందా?" అన్నదే గ్రూపులో ఆ రోజుల్లో పలకరింపు, టెర్మిన్ అంటే టీకాకు ఇచ్చే తేదీ. అక్కకు దొరికిన టెర్మిన్ పక్క జిల్లాలో. ఈలోగా మే నెలలో ఓమాకు ఛాతీలో నిమ్ము చేసి ఆసుపత్రికి తీసుకెళ్లారు. కొన్ని వారాలు ఉంచారు. గొంతులో గొట్టం వేశారట. చూడ్డానికి ఎవరినీ రానివ్వలేదు. ఆ వారాల్లో అక్క కొత్త పాట కట్టలేదు. ఉప్మా కూడా లేదు, బ్రెడ్డే. టెనెసీలో వానో ఎండో ఒక్కసారీ చెప్పలేదు.

ఓమా బతికి వచ్చింది. ఆగస్టులో ఒక శనివారం, మూడు దాటాక, అక్క చేయి పట్టుకుని రెండంతస్తులూ ఎక్కింది. ప్రతి మలుపులో ఆగింది. కిటికీలన్నీ తీసిపెట్టాం. ఏడాదిన్నర తర్వాత ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. ఓమా ఇల్లంతా కలయచూసి, ఎర్ర గీత మీది నా మైకును చూసి, "మళ్లీ ఇదేనా? గరిటె కంటే సన్నగా ఉందే" అంది.

ఆ గొంతు వినగానే నేను అక్క వైపు చూశాను. గొంతు కాదది, కాగితం నలిపిన చప్పుడు.

మొదలుపెట్టారు. రెండో వరుసలో గొంతు పైకి వెళ్లాలి. ఓమా గొంతు అక్కడికి లేవలేదు. మళ్లీ. లేవలేదు. అక్క గిటారు శ్రుతి తగ్గించింది. ఇంకా తగ్గించింది. తీగలు వదులై గరగరమన్నాయి. అయినా అందలేదు. ఓమా నీళ్లు తాగి కుర్చీలో కూర్చుంది.

"పాపా, నా గొంతు ఆసుపత్రిలో పెట్టి వచ్చాను. ఇంకెవరినైనా పిలుచుకో. నేను వింటాను" అంది.

నాకు ఆ క్షణంలో సాయం చేయాలనిపించింది. తెలుగులో, మెల్లగానే అన్నాను.

"అక్కా, మార్చిది ఉంది కదా. అది వాడేద్దాం. బ్రహ్మాండంగా ఉంది."

ఓమాకు తెలుగు రాదు. కానీ మార్చి అనే మాట జర్మన్‌లోనూ దగ్గరగానే ఉంటుంది. ఆమె తల దించుకుని నవ్వింది. అక్క నా వైపు అలా చూడటం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

"ఆమె ముందల అంటవేంది రా? మనిషి ఈడ కూసున్నది."

కింద ఎవరో సైకిలు తాళం వేస్తున్నారు. అక్క గిటారు తీగలు మళ్లీ బిగించింది, కానీ పాత చోటికి కాదు. వెళ్లి కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, జర్మన్‌లో, చిన్నపిల్లతో చెప్పినట్టు నెమ్మదిగా అంది.

"ఓమా, పాట నువ్వు పాడు. అసలు పాట. కింద నీకు ఎక్కడ అందితే అక్కడ. మాట్లాడినట్టు పాడినా సరే. రెండో గొంతు నేను పాడతాను."

"ఇది నీ పాట, పిల్లా. నీ మొదటి ఆల్బమ్."

"అవును. అందుకే నేను చెప్పినట్టు వినాలి."

ఓమా ఆమెను చాలాసేపు చూసి, లేచి, వెళ్లి మైకు ముందు నిలబడింది. నీలం గీత అక్క కోసం అంటించినది. ఓమా చెప్పులు దాని మీద ఉన్నాయి. అక్క ఆమె భుజం వెనకకు, గీత దాటి, గోడ దగ్గరికి తగ్గింది. నేను సర్దబోతే చెయ్యి అడ్డంపెట్టి వద్దంది. ఒక్కసారే పాడారు. రెండోసారి పాడే ఊపిరి ఓమాలో లేదు.

సెప్టెంబరులో ఆల్బమ్ ఇంటర్నెట్‌లో పెట్టింది. గ్రూపులో ఆ దీపావళి పెద్దాయన రాశారు: "పాటలన్నీ బాగున్నాయమ్మా. ఆఖరిది ఎవరో పెద్దావిడ పాడినట్టుంది. వేరేవాళ్లది పొరపాటున కలిసిందేమో చూసుకో."

"లేదంకుల్, నాదే" అని రాసింది అక్క.

తర్వాతి ఏడాది ఆమె హైదరాబాదు ఆఫీసుకు మారిపోయింది. ఓమాను కూతురు హాంబుర్గ్ తీసుకెళ్లింది. నేను కొలోన్ వచ్చాను. పండగలకు సందేశాలు పెట్టుకుంటాం. రెండో ఆల్బమ్ ఎప్పుడని రెండుసార్లు అడిగాను. మొదటిసారి నవ్వు బొమ్మ పంపింది. రెండోసారి, "ఎవరితోని పాడాలె రా?" అని రాసింది. పాడగలిగే గొంతు నాకుంటే ఇచ్చేవాణ్ని.

ఆఖరి పాటను నేను తరచుగా పెట్టుకుంటాను. ఓమా గొంతు ముందుంటుంది, చెవికి దగ్గరగా, గరుకుగా. అక్క ఎక్కడో గోడ దగ్గర, కొలిస్తే చాలా తక్కువ. మూడో చరణం మధ్యలో ఒక చోట ఓమాకు ఊపిరి అందక మాట ఆగిపోతుంది. లెక్క ప్రకారం అక్కడ తాళం తప్పింది. ఆ ఖాళీ కత్తిరించి రెండు కొసలూ అతికిస్తానని అన్నాను, అతుకు తెలియకుండా చేయగలను కూడా. అక్క ముట్టుకోనివ్వలేదు. ఆ ఖాళీలో గిటారు ఆగుతుంది. అక్క ముందుకు వెళ్లిపోదు. తన స్వరాన్ని పట్టుకుని, సన్నగా, అక్కడే నిలబడుతుంది. పాట మొత్తంలో ఆమె గొంతు ఒక్కటే వినపడేది ఆ కాస్తసేపే, ఓమా ఊపిరి తీసుకుని వచ్చి కలిసేదాకా.